ఊఁ కొట్టేవాళ్లు

మేం సిటీ బస్సులకు టైంటేబుళ్లు వేసేవాళ్లం. నాతో కలిపి ఏడుగురం. రెండేళ్లు ఇళ్ల నుంచే పని చేశాక ఆఫీసు మళ్ళీ తెరిచారు. టీం లీడర్‌ని నేనే. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఆయన అంటాడు, అబద్ధం కాదు.

మొదటిరోజే పెద్దరికం వెలగబెట్టాను. ఎవరి కుర్చీ వాళ్లకి, ఎవరి కంప్యూటర్ వాళ్లకి, గోడకి 'నిశ్శబ్దం' అని ఒక కాగితం. ఇళ్లలో కుక్కర్ కూతల మధ్య, పిల్లల ఏడుపుల మధ్య పని చేసి వచ్చారు కదా, ఇక్కడైనా ప్రశాంతంగా ఉంటారనుకున్నాను.

రెండో వారంలోనే కొంప మునిగింది. ఆసుపత్రి రూటులో తెల్లవారుజాము ఐదింటి బస్సు టైంటేబుల్లోంచి ఎగిరిపోయింది. పొద్దుటి డ్యూటీ నర్సులు స్టాపులో పడిగాపులు పడ్డారు. ఆ రూటు మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడది. ముప్ఫై ఏళ్లలో ఒక్క నిమిషం తప్పు వేయని మనిషి, నాకు పని నేర్పిన మనిషి. అయినా అందరిముందూ అరిచేశాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ రాజీనామా కాగితం నా బల్లమీద పెట్టింది.

"ఇంటి దగ్గర నాకు తప్పు రాలేదు తల్లీ. ఇక్కడ వస్తోంది. ముసలిదాన్నయ్యానేమో," అంది.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పోతే ఈ టీం ఉండదు. అసలు ఇంటి దగ్గర తప్పెందుకు రాలేదు? ఆవిడకి జోడీగా పనిచేసే అతన్ని పక్కకి పిలిచాను. అతన్ని అందరం వాగుడుకాయ అంటాం, కానీ రెండు వారాలుగా నోరు మెదపలేదు.

"ఇంట్లో ఉన్నప్పుడు అక్క ఫోన్లో గట్టిగా చదివేది మేడమ్. ఐదు, ఐదూ ఇరవై, ఐదూ నలభై అని. నేను పాత టైంటేబుల్ చూసుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి. ఒక్కటి తప్పినా ఆపేసేవాణ్ణి. ఇక్కడ మీరేమో మాట్లాడొద్దన్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్లూ ఎలా నెట్టుకొచ్చారని ఒక్కసారైనా అడిగితే కదా!

గోడమీది కాగితం చింపేసి పెద్దక్క దగ్గరికి వెళ్లాను. ఆవిడ సొరుగు ఖాళీ చేస్తోంది.

"తప్పు నాది అక్కా. నిన్న అందరిముందూ అరిచాను, ఇవాళ అందరిముందూ చెబుతున్నాను. క్షమించండి."

ఆవిడ టిఫిన్ డబ్బా తీసి సంచిలో వేసుకుంది. ఇంకేం చేయాలో తోచక, పక్కనే కూర్చుని, ఆవిడ బల్లమీదున్న స్టేషన్ రూటు కాగితం తీసి గొంతు చించుకుని చదవడం మొదలుపెట్టాను. వాగుడుకాయ కిసుక్కున నవ్వాడు. సిగ్గేసింది, అయినా ఆపలేదు.

"ఆరు. ఆరుంబావు. ఆరున్నర. ఏడు."

"ఆగు," అంది పెద్దక్క. "ఆరూ ముప్పావు ఏది?"

చూశాను. కాగితంలో ఉంది. నేనే దాటేశాను.

"నువ్వు చదవకు. ఊఁ కొట్టు చాలు," అని ఆవిడ కాగితం లాక్కుని కళ్లజోడు పెట్టుకుంది. కాసేపటికి మిగతా జోడీలూ గొంతెత్తాయి. హాలంతా ఎక్కాలు చదివే బడిలా మోగిపోయింది.

సాయంత్రం రాజీనామా సంగతి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడే గుమ్మం దగ్గర ఆగింది.

"రేపటికి నా కుర్చీ కిటికీ వైపు వేయించు. ఈ ఏసీ కింద కూర్చుంటే గొంతు పోతుంది."