ముక్కు మూసుకుపోయిన ఫైరింజన్

పొద్దున్నే లేస్తూనే కంబన్న చేసే మొదటి పని ఫైరింజన్ మొహం కడగడం. అద్దం తుడిచి, బంపరు తుడిచి, "ఏమప్పా, యాడికన్నా పోవాల్నా?" అని అడిగేవాడు. పోవాల్సి ఉంటే బండి తనంతట తానే స్టార్టయ్యేది. బేతంచెర్ల దోవలో ఉండే ఆ నాపరాళ్ల ఊర్లో ఇదేమీ వింత కాదు. గడ్డివాము అంటుకున్నా, బావిలో ఎవరన్నా పడినా, ఫోను మోగకముందే బండి వాసన పట్టి మొహం అటు తిప్పేది. డ్రైవరు కంబన్న చేయాల్సిందల్లా ఎగిరెక్కి స్టీరింగు పట్టుకోవడమే. కంబన్న పక్కింట్లో ఉండే సోమన్న ఇంట్లో సిలిండరు అంటుకున్ననాడు గూడా అంతే. సోమన్న అరుపు వీధి దాటకముందే బండి వాకిట్లో నిలబడింది.

అందుకే ఆ ఊరోళ్లకు ఒక అలవాటు. బండి కదల్లేదంటే ఊరు సల్లగా ఉన్నట్టేనని ముసుగుతన్ని పడుకునేవాళ్లు.

అట్లాంటి ఊరికి కరోనా వచ్చింది. మంటలార్పే బండికి కొత్త పని పడింది. ట్యాంకు నిండా బ్లీచింగు నీళ్లు కలుపుకొని వీధివీధీ తిరగాల, గోడలకూ గడపలకూ కొట్టాల. ఇండ్లకు పోతే రోగం మోసుకుపోతారని సిబ్బందినంతా స్టేషన్లోనే పడుకోమన్నారు. కంబన్నకు ఇంట్లో ఉండేది తల్లి ఈరక్క ఒక్కతే. పక్కింటి సోమన్న చేతులు పట్టుకొని, "అమ్మను చూసుకోరా" అని చెప్పి వచ్చినాడు.

"నువ్వు చెప్పాల్నా అన్నా? నాకూ అమ్మే గదా!" అన్నాడు సోమన్న. ఈరక్క చేతి సంగటి తిని పెరిగినోడే మరి.

ఈరక్కకు సెల్లు లేదు. రోజూ సాయంత్రం సోమన్నే చెప్పాల.

"అమ్మ ఎట్లుండాదిరా?"

"బాగుండాదన్నా. ఇప్పుడే తినింది. నువ్వు పని చూసుకో."

ఒకనాడు ఫోన్లో దగ్గు వినపడింది. "ఎవురిదిరా ఆ దగ్గు?"

"మా ఇంటామెది లే అన్నా."

కంబన్నకు మనసు నిలవలేదు. షెడ్డులోకి పోయి బండిని చూసినాడు. బండి గమ్మున నిలబడుకోనుండాది. అమ్మకేమన్నా అయ్యింటే ఇది ఊరుకుంటాదా? ఎవురెవురి ఇండ్లకో ఉరికే బండి నా ఇంటికి ఉరకదా? అనుకున్నాడు. అంతే, మనసు కుదుటపడింది. స్టేషనుకూ ఇంటికీ నడుమ సంతబజారు ఒక్కటే అడ్డం. అయినా పోలేదు.

బ్లీచింగు మొదలైనప్పటినుంచీ బండి ఒక్కసారన్నా తనంతట కదల్లేదు. ఈ రోగం ఏందోగానీ ఊరు మాత్రం శానా సల్లగుందని జనం సంబరపడినారు. ఏం మనుషులబ్బా! ఇంటింటా దగ్గుతాంటే సల్లగుందంట!

ఒక పొద్దున బ్లీచింగు లోడు రాలేదు. ఉత్త నీళ్లతోనన్నా వీధులు కడగండని ఆఫీసరు చెప్పినాడు. స్టేషన్లో అందరికంటే పెద్దాయన హుస్సేన్ సాహెబ్ ట్యాంకు శుభ్రంగా కడిగి బావినీళ్లు పట్టినాడు. పైపు ఇంకా తియ్యనే లేదు, బండి నిలువెల్లా వణికి, షెడ్డు రేకులు అదిరేటట్టు ఒక్క తుమ్ము తుమ్మింది. తుమ్మిందే తడవు స్టార్టయి గేటువైపు దూకింది.

"అరే బేటా, ఎక్కు!" అని అరిచి సాహెబ్ వెనక పట్టుకొని వేలాడినాడు. కంబన్న ఉరికి ఎక్కినాడు. బండి సంతబజారు దాటి, కంబన్న వీధిలోకే తిరిగింది.

వీధంతా తలుపులేసుకొనింది. బయటోళ్లు రాకుండా పల్లెల్లో పొలిమేరకు అడ్డమేసే తుమ్మకంప, ఈడ ఈరక్క వాకిలి ఒక్కదానికే వేసినారు. పంగలకర్ర పట్టుకొని, మూతికి టవలు కట్టుకొని, ఇంకొక కంప ఎత్తబోతా కనపడినాడు సోమన్న.

"బాగుండాది అంటివి గదరా!" అని అరిచినాడు కంబన్న.

"నేనేం చేయాలన్నా? రోగమని తెలిస్తే రెడ్ జోనని వీధినంతా మూస్తారు. నా నాపరాళ్ల పాలిష్ మిషన్లు ఆగిపోతే పిల్లోళ్లేం తినాల? కిటికీలోనుంచి నీళ్లు ఇస్తానే ఉండాను."

"నీళ్లా? ఉత్త నీళ్లా?"

బండి ఇంకేమీ వినలేదు. కంప తొక్కుకుంటా వాకిలి దాకా పోయింది. లోపల చాప మీద ఈరక్క ఎగశ్వాసతో ఉంది. కంబన్న, సాహెబ్ ఇద్దరూ ఎత్తి ముందు సీట్లో పడుకోబెట్టినారు. కర్నూలు ఆసుపత్రి దాకా బండి యాడా ఆగలేదు. ఇంకొక పూట ఆలస్యమయ్యింటే దక్కేది కాదని డాక్టర్లు చెప్పినారు.

ఆక్సిజన్ తీసినంక ఈరక్క కొడుకును పిలిచింది.

"సోమన్న కంప అడ్డమేసినాడు, సరే. నీకేం అడ్డమొచ్చిందిరా?"

"బండి కదల్లేదమ్మా..."

"నేను బండిని కన్నానా, నిన్ను కన్నానా?"

సోమన్న మీద కంబన్నకు కడుపు మండుతానే ఉంది. కానీ ఈ మాటకు మాత్రం ఏడుపు ఆగలేదు. మంచం పట్టె మీద తల పెట్టుకొని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు.

బ్లీచింగు లోడు మళ్లీ వచ్చింది. "ఆ ఘాటుకు దాని ముక్కు మూసుకుపోతాది సార్" అన్నాడు సాహెబ్. "తెలుసయ్యా, కొట్టక తప్పుతాదా?" అన్నాడు ఆఫీసరు. బండి మళ్లీ మూగదయ్యింది. అప్పటినుంచి పిచికారీ అయిపోయినంక కంబన్న మాస్కు కట్టుకొని ఇంటింటి తలుపూ తట్టడం మొదలుపెట్టినాడు. "బాగుండారా? ఒకసారి బయటికొచ్చి మొహం చూపించండి" అనేవాడు. కొందరు తిట్టినారు, కొందరు మంచినీళ్లు ఇచ్చినారు.

ఒక సాయంత్రం సోమన్న ఇల్లు వచ్చింది. కంబన్న ఆ తలుపు చూడనట్టే దాటిపోయినాడు. అవతలింటి అరుగు దాకా పోయి నిలబడి, పండ్లు కొరుక్కొని, వెనక్కొచ్చి తట్టినాడు.

"ఎవురు?"

"నేనే. బాగుండావా?"

లోపలినుంచి ఆయాసపడతా సోమన్న గొంతు వచ్చింది. "బాగుండానన్నా. నువ్వు పని చూసుకో."

కంబన్న తలుపు మీది చెయ్యి తియ్యలేదు.

"నీ మాట నేనింక నమ్మనురా," అన్నాడు. "తలుపు తియ్."