పిపెట్టు ఎంగిలి

నోటితో పీల్చకుండా పిపెట్టులోకి యాసిడ్ ఎక్కదు. ఆ గొట్టం కనిపెట్టినవాడెవడో గాని, మా దేశంలో ఎంగిలి అనేదొకటి ఉందని వాడికి తెలియదు పాపం!

నాది ఎల్లారెడ్డి. ఊరవతలి ఇండ్లలో పుట్టి, మిషను బడిలో చదివి, కామారెడ్డి బడికి సైన్సు మాస్టరుగా వచ్చాను. యుద్ధమొచ్చి గాజు సామాను రావడం ఆగింది. ఉన్న పిపెట్టు ఒక్కటే. ఎలా పీల్చాలో ముందు నేను చూపాలి, తర్వాత పిల్లలు. అలా కొలిచి తీసిన యాసిడ్‌లోకి బ్యూరెట్టు అనే ఇంకో గొట్టం నుంచి క్షారం చుక్కచుక్కగా వదిలి, గులాబి రంగు తిరగగానే ఆపాలి. పట్టిన క్షారాన్ని బట్టి యాసిడ్ బలం తెలుస్తుంది.

నేను చేస్తే ఆ బలం సరిగ్గా వస్తుంది. పిల్లలు చేస్తే అందరికీ తక్కువే. తనిఖీ నాడూ ఇలాగే అయితే నన్ను ఇంటికి పంపేస్తారు. నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు.

ఒకరోజు కిటికీలోంచి చూశాను. తొట్టి దగ్గర ఒకడి తర్వాత ఒకడు పిపెట్టు కడుగుతున్నారు. ఒకడు కడిగింది ఇంకొకడికి నమ్మకం లేదు. ఆ తడి గొట్టాన్నే తెచ్చి యాసిడ్‌లో పెడుతున్నారు. లోపల నీళ్ళుంటే యాసిడ్ పలచబడక ఏం చేస్తుంది? ఒళ్ళు మండిపోయింది. అరిచేవాణ్ణే. కానీ ఆ ఊళ్ళో నాతో మాట్లాడేది ఆ పిల్లలొక్కరే. వాళ్ళూ మానేస్తే?

"నీళ్ళతోని ఎంతన్న కడుగుండ్రి," అన్నాను. "కని ఆఖర్న అదే యాసిడ్ కొంచెం పీల్చి పారబోయుండ్రి. అప్పుడే లెక్క కుదురుతది."

తనిఖీ నాడు అందరికీ సరిగ్గా వచ్చింది. "షాబాష్, స్వామిదాస్!" అన్నాడు ఇన్‌స్పెక్టరు సాబ్. ఉద్యోగం పక్కా అయింది. పిల్లలు కేకలేసుకుంటూ ఇండ్లకు పోయారు. నేనొక్కణ్ణే సామాను సర్దుకుంటూ మిగిలాను. సంతోషం చెప్పుకోవడానికి మనిషి లేకపోతే అదీ ఒక బరువే.

అంతలో మార్కండేయ అనే పిల్లవాడు వెనక్కి వచ్చాడు. చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. ఇంటికి రమ్మంటాడేమో, పోనీ కాసేపు కూర్చుంటాడేమో!

"సార్, ఒక్కటి అడుగుత. నీళ్ళతోని కడిగినంక యాసిడ్‌తోని గూడ కడిగినం గద. ఇగ మీ ఎంగిలి మొత్తం పోయినట్టేనా? అవ్వ పొద్దుగాల్నే అడుగుమన్నది."

వాడి ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"పోయింది బిడ్డా," అన్నాను. "అవ్వకు చెప్పు."

వాడు హమ్మయ్య అనుకుని ఇంటికి పరుగెత్తాడు.