వెచ్చబడిన చేతులు

గిన్నెలు తోముతుంటే ఆమె వేళ్ళు మళ్ళీ పాలిపోయాయి. ముందు సున్నం పూసినట్టు తెలుపు, తరవాత నీలం. నొప్పి తట్టుకోలేక చేతులు చంకల్లో దాచుకుంటే, గుమ్మంలో నిలబడ్డ అత్తగారు "కుళాయి నీళ్ళకే ఇంత నాటకమా? మేం చెయ్యలేదా చాకిరీ?" అంది.

భర్త టైలరింగు షాపు నడిచేది ఆ వేళ్ళ మీదే. పెళ్ళిబట్టల మీద ఎంబ్రాయిడరీ అంతా ఆమె ఇంట్లో కూర్చుని కుడుతుంది. షాపులో ఆయన మాత్రం "నా చేతిపనండీ" అని చెప్పుకుంటాడు. పదకొండేళ్ళుగా ఆమె అది విని నవ్వి ఊరుకుంది. చూపుడువేలి కొస పుండుపడి, నల్లబడి, సూది పట్టలేకపోయిన రోజున గానీ ఆయనకి ఆసుపత్రి గుర్తు రాలేదు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. "ఈ నరం వేళ్ళకెళ్ళే రక్తనాళాల్ని బిగించేస్తోంది. మందులకి లొంగలేదు కాబట్టి, చంక కింద రెండు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ దాన్ని కత్తిరిస్తాం. జబ్బు పూర్తిగా పోతుందని చెప్పను. పుండు మానొచ్చు."

"మళ్ళీ కుట్టడం ఎప్పట్నించండీ?" అన్నాడు భర్త.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, "మీరేమైనా అడగాలా?" అంది. పెళ్ళయ్యాక ఆమెనలా అడిగినవాళ్ళు లేరు.

ఆపరేషనైన మర్నాటికే అరచేతులు వెచ్చబడ్డాయి. నెలన్నరకి పుండు మానింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చేతిరుమాలు మీద చిన్న కొమ్మ కుట్టి చూసుకుంది. వేళ్ళు చెప్పినమాట విన్నాయి. ఆనందంతో ఏడుపొస్తుందనుకుంది. వచ్చింది కోపం. పదకొండేళ్ళుగా మింగినదంతా, ఏ తొందరా లేకుండా పైకొచ్చింది.

"ఏమైనా తేడా తెలుస్తోందా?" అన్నాడు భర్త ఆ సాయంత్రం.

"వేళ్ళకి స్పర్శే లేదండీ. సూది పట్టుకున్నా తెలియట్లేదు."

అప్పట్నించి గిన్నెలు ఆయన తోముతున్నాడు, బట్టలు అత్తగారు పిండుతోంది. షాపులో ఆయన సొంతంగా కుట్టిన పూలు ముడతలుపడితే, పెళ్ళికూతురి తల్లి అందరిముందూ ఆ బట్ట బల్ల మీదకి విసిరేసి, "మీ చేతికేమైందండీ?" అని అడిగింది. ఆయన ఆ బట్ట మడిచి బల్ల కింద పెట్టేశాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే ఆమె "అయ్యో" అంటూ రెండోసారి కూడా చెప్పించుకుని వింది.

మర్నాడు చెకప్‌కని బయల్దేరి, భర్త షాపుకి ఎదురుగా ఉన్న బట్టల దుకాణం మెట్లెక్కి, ఎంబ్రాయిడరీ పని ఇస్తారా అని అడిగింది.

"ఇదివరకు ఎక్కడైనా చేశారా?" అంది యజమానురాలు.

ఆమె అద్దాల కిటికీలోంచి రోడ్డవతల భర్త షాపుని చూపించింది. "అక్కడ వేలాడుతున్నవన్నీ నేను కుట్టినవే. రేపట్నించి మీకు కుడతాను. నా కుర్చీ మాత్రం ఈ కిటికీ పక్కనే వేయించండి. ఆయనకి కనబడాలి."