జయపాల్ మాట

ఉదయపు మంచులో జనగామలో బయలుదేరిన రైలు కేసముద్రం చేరేసరికి ఎండ పలచగా పరుచుకుంది. మార్కెట్ యార్డు నుంచి ఎగిరిన దూదిపింజలు స్టేషన్ మీదుగా తేలుతున్నాయి. వాటి మధ్య నడుస్తుంటే, జయపాల్ తన పక్కనే వస్తున్నట్టు అనిపించింది కల్పనకు. విశ్వవిద్యాలయంలో ఇద్దరూ కలిసి ఎంబీఏ చదివారు. మహదేవపూర్‌లో బ్యాంకు ఆఫీసరుగా పనిచేస్తూ నిరుడు ఇదే రోజున అతను గుండెజబ్బుతో పోయాడు. ఇవాళ అతని సొంతూరైన ఈ కేసముద్రం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక.

చర్చిలో పాట మెల్లగా సాగుతుండగా ఆమె కళ్లముందు పాత తరగతి గది కదిలింది. సెమినార్‌లో జయపాల్ గోడమీది పటం చూపిస్తూ, "గీ బొమ్మల ఏమున్నదో జర చూడుండ్రి" అన్నాడు. అతని యాసకు తరగతంతా ఘొల్లున నవ్వింది. కల్పన కూడా నవ్వింది. మొగుళ్లపల్లిలో ఆమె ఇంటి మాట కూడా అదే. పుస్తకాల తెలుగు పట్టుబట్టి నేర్చుకుని, ఆ ఇంటి మాటను దాచుకుంది. ఆ ఏడాది జయపాల్ మళ్లీ తరగతిలో నోరు విప్పలేదు.

పాట ముగిశాక, మహదేవపూర్ నుంచి వచ్చిన లచ్చవ్వ అనే ముసలామె లేచింది.

"నా పెనిమిటి పోయినంక బీమా కాయితం పట్టుకొని బ్యాంకుకు పోయిన. వాళ్లు చెప్పింది సమజ్ కాలే. మల్ల అడిగితే నవ్విండ్రు. సిగ్గయి తిరిగొచ్చిన. ఏడాది అటు దిక్కు పోలే. జయపాల్ సారు ఆ బ్యాంకుకు వచ్చినంక మల్ల పోతే, 'అవ్వా, జర కూసో, గిదేందో చెప్త' అన్నడు. మా మాటల్నే చెప్పిండు. బీమా పైసలు చేతికొచ్చినయి. నా బిడ్డ నర్సు చదువు గా పైసలతోనే అయింది."

తర్వాత కల్పనను మాట్లాడమన్నారు. రాసుకొచ్చిన కాగితం ఆమె తెరవలేదు.

"జయపాల్ మాట్లాడితే అందరితోపాటు నేను గూడ నవ్విన. మా అవ్వ గట్లనే మాట్లాడుతది. తెలిసే నవ్విన" అంది.

బయట లచ్చవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడ కొలువు బిడ్డా?"

"జనగామల. బ్యాంకులనే."

"అయితే నాసొంటోళ్లు మీకాడికి వస్తరు గద. జర నవ్వకుండ్రి."

కల్పన తలూపింది.

చదువుకున్నవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: మనిషి మాటను చూసి మనం నవ్విన చోట, ఆ మనిషి తన హక్కును అడగడం మానేస్తాడు.