ఒకటికి మూడు పాళ్ళు

మా ఇంటి వెనక ఇసుకలో యుద్ధం రోజుల నాటి కాంక్రీటు గది ఒకటి ఉంది. సముద్రం వైపు గోడకు తుపాకీ పెట్టుకోవడానికి అడ్డంగా ఒక సందు, మా ఇంటి వైపు ఒక గుమ్మం. అప్పట్లో శత్రువు ఎవరూ రాలేదట. నాలుగేళ్ల మా అమ్మాయి మాత్రం రోజూ వెళ్లేది.

లోపల తేలు ఉంటుందేమో, పెచ్చు ఊడి నెత్తిన పడుతుందేమో అని నాకు అన్నం సహించేది కాదు. మా ఆయన తాపీ మేస్త్రీ. గుమ్మం మూసెయ్యమని నెల రోజులు ఆయన ప్రాణం తీశాను. ఆయన కట్టిన గోడకు మేకు కొట్టి లాగితే మేకుతోపాటు ఇటుక కూడా వస్తుందని పేరు. అందుకని పక్కనే నిలబడి సిమెంటు ఒకటికి ఇసుక మూడు పాళ్ళు మించకుండా కలిపించాను. పది రోజులు రెండు పూటలా నేనే గోడకు నీళ్లు పట్టాను.

పదకొండో రోజు పొద్దున పిల్ల కనిపించలేదు. పిలిస్తే ఆ గోడ వెనక నుంచి పలికింది.

సందు సంగతి నాకు తట్టనే లేదు. బయట ఇసుక సందు దాకా మేట వేసింది. పిల్ల దాని మీద పాకుతూ సందులో దూరి లోపలికి జారిపోయింది. సందు నుంచి లోపలి నేల నా మెడ లోతు. అది ఎలా ఎక్కుతుంది?

ఆయన సుత్తీ ఉలీ తెచ్చి గుమ్మం దగ్గర మొదలుపెట్టాడు. పావుగంటకు ఉలి మొన పోయింది. గోడకు గీత మాత్రం పడింది. ఆయన మొహంలో కంగారుతోపాటు కాస్త గర్వం కూడా కనిపించి నాకు ఒళ్లు మండిపోయింది.

మా అత్తయ్య వచ్చి, వంటగది గోడ కూడా ఇలాగే కట్టి ఉంటే వానాకాలం కారే నీళ్లకు గిన్నెలు పెట్టుకునే బాధ తప్పేది కదరా అంది.

"కట్టింది నేనే అమ్మా. నీళ్లు పట్టింది నీ కోడలు," అన్నాడాయన.

లోపల నుంచి పిల్ల బిస్కెట్ అడిగింది. ఇక నా వల్ల కాలేదు. అత్తయ్య ఆగమంటున్నా వినకుండా సందులో తల దూర్చి లోపలికి జారిపోయాను. పిల్లను వాటేసుకుని, ఒళ్లంతా తడిమి చూసి, భుజాల మీదికెక్కించి సందులోంచి అత్తయ్యకు అందించాను.

అప్పుడు తెలిసింది, నన్ను ఎక్కించేవాళ్లు లోపల ఎవరూ లేరని. చేతులు పట్టి లాగితే భుజాలు అడ్డం పడ్డాయి.

కాసేపటికి సందులోంచి సగం కొరికిన బిస్కెట్ వచ్చింది. వెనకే మా అమ్మాయి మొహం.

"ఏడవకమ్మా. తేలు లేదు, నేను చూశాగా."

మధ్యాహ్నానికి మొదటి ఇటుక కదిలింది. ఆ కంతలోంచి చెమటలు కక్కుతున్న మొహం పెట్టి, ఇప్పుడు సందు కూడా మూసెయ్యాలా అని ఆయన నీరసంగా అడిగాడు.

"మూసెయ్యండి," అన్నాను. "ఒకటికి పది పాళ్ళు కలపండి చాలు."