గుర్తుపట్టని బొటనవేలు

ఐవర్ పచ్చడికని కాల్చిన ఎర్ర బుంగమిరపకాయల తొక్క వలుస్తోంది స్తొయాంకా. చేతులు మణికట్టు దాకా మసి. ట్రాయ్చే గుమ్మంలో నిలబడి అన్నాడు: “నీకో ల్యాప్‌టాప్ కొంటానే.”

మిరపకాయ ఆమె చేతిలోనే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఈ మొగుడు అడక్కుండా కొనిచ్చినవి రెండే: ఇస్త్రీపెట్టె, కుక్కరు. ఒకటి అతని చొక్కాలకి, ఇంకోటి అతని కడుపుకి. మరి ఇది దేనికి? నిన్ననే జ్వోంకో వచ్చి వెళ్లాడు. కుట్టు ఫ్యాక్టరీలో ఆమె లైనుకి సూపర్‌వైజరు. వీళ్ల పెళ్లికి సాక్షిగా నిలబడ్డ కుమ్ కూడా వాడే. ఈ ష్టిప్ ఊళ్లో కుమ్ మాటంటే కన్నతండ్రి మాట కన్నా ఎక్కువ. మొగుడూ వాడూ రకియా సారా తాగుతూ గొంతులు తగ్గించారు. ఆ లైన్లో దొడ్డికి వెళ్లాలన్నా వాణ్ణి చెయ్యెత్తి అడగాల్సిన పద్నాలుగు మంది ఆడవాళ్లు తమ గోడు ఫిర్యాదుగా రాసిపెట్టమని స్తొయాంకాకి అప్పజెప్పి వారం కాలేదు. గోడలకి చెవులుంటాయంటారు. ఈ ఊళ్లో గోడలకి మీసాలు కూడా ఉంటాయి.

అయినా ఆమెకి అది కావాలి. అందుకే వెళ్లింది.

షాపులో గోళ్లకి ఎర్రరంగు వేసుకున్న పిల్ల, “ఏం పనికి పిన్నీ?” అంది.

“పనేముంది, ఊరికే! వంటలు చూసుకుంటుంది, సీరియళ్లు చూసుకుంటుంది,” ట్రాయ్చే అందుకున్నాడు. “సోకుగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి. ఆడమనిషి కదా!”

బట్టల గుట్టలు మోసే ఆడమనిషికి తేలికట! స్తొయాంకా ఒక్కటే అడిగింది: “ఎంతసేపట్లో తెరుచుకుంటుంది?” ఆమె తీరికంతా తునకలు తునకలు. సూపు పొంగేలోపు, అత్తగారు పిలిచేలోపు. యంత్రం ఒళ్లు విరుచుకుని లేచేసరికి ఆ తునక అయిపోతుంది.

పిల్ల పల్చటి వెండిరంగుది తీసింది. మూత ఎత్తీ ఎత్తగానే వెలిగింది. “వేలు ఆనిస్తే చాలు పిన్నీ, మిమ్మల్ని గుర్తుపడుతుంది.”

స్తొయాంకా బొటనవేలు ఆనించింది. గుర్తుపట్టలేదు. తుడిచి ఆనించింది. ఊహూఁ. చూపుడువేలు. ఊహూఁ. సూదికీ గుడ్డకీ అరిగి అరిగి వేళ్ల మీద గీతలే మిగల్లేదు. ఇన్నేళ్లుగా ఊరి కోట్లన్నీ కుట్టిన చేతిని యంత్రం నువ్వెవరివంది.

“ఇలా తే,” అని ట్రాయ్చే తన వేలు పెట్టాడు. మెత్తటి వేలు. ఠక్కున పట్టింది. “చూశావా! నాది ఉంటే చాల్లే. నీకు కావాలన్నప్పుడు నేను తెరిచిస్తా. ఒకే ఇల్లు, రహస్యాలేముంటాయి?”

ఎంత తొందరో! ఆ తొందర వెనకే జ్వోంకో కనిపించాడు ఆమెకి.

“మా అమ్మ వేళ్లూ ఇంతే పిన్నీ,” పిల్ల మెల్లిగా అంది. “ఆవిడా కుట్టుపనే. బాబాయ్ వేలు తీసేస్తాను. పాస్‌వర్డ్ పెట్టుకోండి.” అని తన మొహం అటు తిప్పుకుంది.

ట్రాయ్చే తిప్పుకోలేదు.

“అటు తిరుగు,” అంది స్తొయాంకా.

“నేనా? మొగుణ్ణే!”

“అందుకే.”

షాపులో ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. అతను గొణుక్కుంటూ తిరిగాడు. “రేపు మర్చిపోతే నా దగ్గరికే రావాలి.”

“నీ చొక్కా కొలత, మీ అమ్మ మాత్రలు, జ్వోంకో పుట్టినరోజు. ఏది మర్చిపోయాను ట్రాయ్చే, ఈ ఇరవై రెండేళ్లలో?”

ఇంటికొచ్చారు. గుమ్మంలో అతను వంగి ఎడమ బూటు విప్పాడు. రెండోదాని ముడి విప్పేలోపు వంటింట్లో మసి గిన్నెల మధ్య ల్యాప్‌టాప్ తెరుచుకుంది. పద్నాలుగు మంది గోడు ఎక్కణ్ణించి ఎత్తుకోవాలా అని ఇన్ని రోజులూ తేల్చుకోలేని స్తొయాంకా, అరిగిన వేళ్లతో మొదటి మాట కొట్టింది.

జ్వోంకో.