సీదా మనిషి

పాపయ్య కచేరీ కిటికీకి వేలాడదీసిన వట్టివేళ్ల తడిక మీద నీళ్లు చల్లుతున్నాడు. చెంబు పైకెత్తబోతే నడుము సహకరించదు. అందుకని కింది సగం చెంబుతో తడిపి, పై సగానికి దోసిట్లో నీళ్లు పట్టి విసురుతాడు. వాటిలో సగం తిరిగి అతని మొహం మీదే పడతాయి. తుడుచుకోడు. ఆ ఎండల్లో అతనికి దక్కే చల్లదనం అదొక్కటే.

అతని వీపు మొల దగ్గర నుంచే ముందుకు వంగిపోయింది. ఎవరినైనా చూడాలంటే కనుబొమలు పైకి లేపి, మెడ సాచాలి. ఖాకీ కోటు ముందు అంచు మోకాళ్ల మీదికి జారి ఉంటుంది, వెనక అంచు లేచి ఉంటుంది. మెడ చుట్టూ చెమట ఆరిన తెల్లని చారలు.

సూర్యాపేట తహసీలు కచేరీలో చప్రాసిగా అతనికది ఆఖరి రోజు. మంచినీళ్ల కుండ మోయలేకపోతున్నానని తనే చెప్పుకున్నాడు. అతని జాగాలోకి కొత్త మనిషిని ఎంచుకునేదీ ఆ రోజే. పొద్దున్నుంచే కొందరు వచ్చి వరండాలో కూర్చున్నారు. వాళ్లలో అతని అల్లుడు ఈదయ్య ఒకడు.

ఈదయ్య మిర్యాలగూడ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. కిందటి పంటకాలంలో బస్తా జారి కుడి భుజం మీద పడింది. అప్పటినుంచి ఆ చెయ్యి చెవి దాకా లేవదు. అతని భార్య, పాపయ్య కూతురు నీల అదే మిల్లులో నూకలు చెరిగి ఇల్లు నెట్టుకొస్తోంది. బిడ్డ బతుకుకు ఈ నౌకరి తప్ప మరో దారి పాపయ్యకు కనిపించలేదు. నెల ముందే అల్లుడిని పిలిపించుకుని, రోజూ సాయంత్రం గుడిసె ముందు నిలబెట్టి నేర్పాడు.

"గడప కాడనే ఒంగాలె. సాబు మొఖం సూడొద్దు, బూట్లు సూడాలె. ఏం పనొస్తది అంటే వస్తదనొద్దు. తమ దయ, నేర్సుకుంట బాంచెన్ అనాలె."

తనకు నౌకరి దొరికింది అలాగే మరి. మీసాలు రాని వయసులో, షేర్వానీ తొడుక్కున్న అప్పటి సాబు ముందు నుదురు గడపకు తగిలేట్టు వంగాడు. సాబు నవ్వి, పక్కనున్న గుమాస్తాతో "ఆద్మీ సీదా హై" అన్నాడు. మనిషి సీదా, అంటే వంకర లేనివాడట. ఆ మాటను పాపయ్య ఎంతో అపురూపంగా దాచుకున్నాడు. పెళ్లిలో అత్తవారికి చెప్పాడు. పెళ్లాం చనిపోయే ముందు ఆమె మంచం పక్కన కూర్చుని, ఎందుకో ఆమెకూ చెప్పాడు. తర్వాత ఎందరో సాబులు వచ్చారు, పోయారు. పోలీసు చర్య జరిగి రాజ్యమే మారింది. పాపయ్య మాత్రం పరదా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొదట కావాలని వంగినవాడు, పోనుపోను లేవడం మరిచిపోయాడు.

అల్లుడికి నేర్పినదాన్ని మిగతావాళ్ల దగ్గర దాచడం అతనికి చేతకాలేదు. వరండాలో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్పాడు.

"చెప్పులు గీడనే ఇడువున్రి. రుమాలుతోని మొఖం తుడ్సుకోన్రి. గడప కాడ ఒంగున్రి."

అందరికంటే శ్రద్ధగా విన్నవాడు నేరేడుచర్ల నుంచి వచ్చిన శంకరయ్య. సన్నని మనిషి, ఎరువు తెచ్చుకున్న అంగీ. చేతులు వేళ్ల దాకా జారుతుంటే మాటిమాటికీ మడుచుకుంటున్నాడు. అంత దూరమూ సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయిన ఆ సైకిల్ వేపచెట్టుకు ఆనించి ఉంది.

లోపల కొత్త తహసీల్దారు మద్రాసు వైపు మనిషి. అంగీ చేతులు మోచేతుల పైకి మడిచి, చెమట కారుతున్న కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. మొదట శంకరయ్యను పిలిచాడు. పాపయ్య పరదా ఎత్తి పట్టుకున్నాడు. శంకరయ్య గడప దగ్గరే రెండు మడతలయ్యాడు.

"ముందుకు రావయ్యా. ఏమిటా వంగడం? మొహం చూపించు."

శంకరయ్య ఇంకా వంగాడు.

"సైకిలు తొక్కడం వచ్చా?"

"తమ దయ... నేర్సుకుంట బాంచెన్."

"వచ్చా, రాదా?"

"నేర్సుకుంట బాంచెన్."

"చాల్లే. లే ముందు. ఇదేమన్నా దర్బారు అనుకున్నావా? వెళ్లు."

తర్వాత వెళ్లినవాడూ అట్లాగే వంగాడు, అట్లాగే బయటికి వచ్చాడు. "ఎవరు నేర్పుతున్నారయ్యా వీళ్లకి ఇదంతా?" అని లోపల తహసీల్దారు విసుక్కోవడం వినిపించింది. పాపయ్య పరదా వదిలేశాడు. ఇక ఈదయ్య వంతు.

అల్లుడు రుమాలు చంకన పెట్టుకుని అప్పుడే నడుము వంచుతున్నాడు. పాపయ్య అతని వీపు మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఒంగకు బిడ్డా."

"ఏంది మామా? నెల సంది ఒంగుమంటివి గద."

"తప్పు జెప్పిన. నాకు గదే ఎరుక. సీదగ నిలబడు. సాబు మొఖం సూడు. వచ్చింది వస్తదను, రానిది రాదను."

ఈదయ్య అతని మొహంలోకి అయోమయంగా చూశాడు. పాపయ్య అరచేతితో అల్లుడి వీపును మెల్లగా పైకి నెట్టాడు. మొద్దుబారిన ఆ భుజం కూడా కాస్త వెనక్కి జరిగింది. వరండాలో మిగిలినవాళ్లకు వినబడేట్టు పాపయ్య మళ్లీ అన్నాడు: "అందరు సీదగనే పోన్రి."

ఈదయ్య లోపలికి వెళ్లి నిటారుగా నిలబడ్డాడు. మాట తేటగానే వచ్చింది.

"నా పేరు ఈదయ్య సార్. పాపయ్య అల్లుణ్ణి. మిల్లుల పనిజేసిన. సైకిల్ తొక్కొస్తది. కుడి భుజం జర లేవదు, గని పని ఆపను."

"శభాష్. ఇదీ మాట్లాడే పద్ధతి" అన్నాడు తహసీల్దారు. "బయట కూర్చో. ఇంచుమించు నువ్వే."

ఆ తర్వాత వెళ్లినవాళ్లలో ఒకడికి చూపు ఆనదు, ఒకడు జవాబులకే తడబడ్డాడు. ఈదయ్య బయట గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు. నెల రోజుల్లో మొదటిసారి అతని మొహం తేటపడింది. పాపయ్యకు అది చూసి కడుపు నిండాలి. కానీ అతని చూపు వేపచెట్టు కిందికే పోతోంది. అక్కడ శంకరయ్య సద్దిమూట విప్పి, తినకుండా మళ్లీ కట్టేశాడు. లేచి సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

"జర ఆగు పిలగా" అని పాపయ్య కేకేశాడు. పరదా తొలగించి, ఎవరూ పిలవకుండానే లోపలికి నడిచాడు. ఇన్నేళ్ల నౌకరిలో అట్లా పోవడం అదే మొదలు.

"సాబ్, నేరేడుచర్ల పిలగాన్ని మల్లొకసారి పిలువున్రి. ఆనికి సైకిలొస్తది. సైకిల్ మీదనే అచ్చిండు. గట్ల ఒంగుమన్నది, గట్ల చెప్పుమన్నది నేనే."

తహసీల్దారు కళ్లద్దాలు తీశాడు. "నువ్వా? ఎందుకు చెప్పావు?"

"నాకు గట్లనే దొరికింది సాబ్ నౌకరి."

తహసీల్దారు ఆ వంగిన వీపును మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"మీ అల్లుడికి దాదాపు ఖాయమైంది. ఇప్పుడు వాణ్ణి పిలిస్తే మాట మారొచ్చు. తెలుసా?"

"ఎరుకే సాబ్."

మాట మారింది. ఊళ్లకు కాగితాలు మోసుకుపోవాలి, మంచినీళ్ల కుండ ఎత్తాలి. శంకరయ్యకు రెండు చేతులూ ఆడతాయి. రేపటి నుంచే రమ్మన్నారు. అతను బయటికి వచ్చి పాపయ్య కాళ్ల మీదికి వంగబోతే, పాపయ్య "ఇగ ఒద్దు" అని వెనక్కి జరిగాడు.

ఎండ వాలాక వరండాలో మామా అల్లుళ్లిద్దరే మిగిలారు. ఈదయ్య గోడ వైపు చూస్తూ అడిగాడు.

"మల్లెందుకు పిలిపించినవ్ మామా?"

"నా మాట ఇని ఖరాబైండు గద బిడ్డా."

"నీలకేమని జెప్పాలె?"

"నాయినే చెడగొట్టిండని జెప్పు."

ఈదయ్య పళ్లు బిగించి లేచాడు. మెట్ల దాకా పోయాడు. అక్కడ నిలబడి, చాలాసేపటికి తిరిగొచ్చాడు. రొంటిలోంచి చుట్ట తీసి వెలిగించి, మామకు అందించాడు. కచేరీ ఆవరణలో పాపయ్య ఏనాడూ పొగ తాగలేదు. అల్లుడి చేతి చుట్టా ఏనాడూ తాగలేదు. తీసుకుని, పిట్టగోడకు ఆనుకుని, మెల్లగా పీల్చాడు. దగ్గు వచ్చింది. అయినా పీల్చాడు.

"మిల్లుల తూకం కాంట కాడ కూసునే పని అడిగి సూస్త" అన్నాడు ఈదయ్య. "సీదగ నిలబడి అడుగుత."

మిర్యాలగూడ బస్సు వేళయిందని అతను వెళ్లిపోయాడు. అంతలో లోపలి నుంచి "పాపయ్యా!" అని పిలుపు వినిపించింది. పాపయ్య గబుక్కున చుట్ట నలిపి గోడ మీద పెట్టి, లోపలికి పరుగెత్తాడు. తహసీల్దారు ఇక ఇంటికి వెళ్లమన్నాడు. పాపయ్య కోటు విప్పి కొక్కేనికి తగిలించి, వెనక గుమ్మం నుంచి చివ్వెంల దారి పట్టాడు. ఇకనుంచి అక్క ఉప్పలమ్మ ఇంట్లోనే ఉండాలని ముందే అనుకున్నారు. ఆమె పెట్టిన జొన్నరొట్టె సగం తిని, నడుము నొప్పిగా ఉందని పక్కకు తిరిగి పడుకున్నాడు. తెల్లవారి ఆమె పిలిస్తే పలకలేదు.

ఆ కబురు కచేరీకి వచ్చేసరికి శంకరయ్య పరదా దగ్గర నిలబడి ఉన్నాడు. పరదా తొలగించి లోపలికి నడిచాడు. కళ్లలో నీళ్లున్నాయి. తల మాత్రం దించలేదు.

"పాపయ్య సచ్చిపోయిండు సార్. నేను చివ్వెంలకు పోవాలె. సెలవియ్యిన్రి."

తహసీల్దారు లేచి నిలబడి, వెళ్లిరమ్మన్నాడు. సైకిల్ చప్పుడు గేటు దాటి వినబడకుండా పోయింది. వరండాలో ఎవరూ లేరు. పిట్టగోడ మీద సగం కాలిన చుట్ట, నలిపిన కొస నల్లగా, పెట్టినచోటే ఉంది.